పళ్ళు లేని రాయి

నా చిన్నప్పుడు, మ్యూజియంలో పిల్లలకు నిధి వేట పెడుతున్నారన్న కబురు మొదట మా ఇంటికి మోసుకొచ్చింది పక్క అపార్ట్‌మెంట్ అక్క. వరంగల్ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన అమ్మాయి. యూనివర్సిటీ లైబ్రరీ గోడకు అంటించిన కాగితం చూసి, వివరాలు అరచేతిలో పెన్నుతో రాసుకొచ్చి, మా అమ్మ ముందు చెయ్యి చాపింది. ఆ అరచేతిని తలుచుకుని ఈనాటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. కానీ ఆ రోజును తలుచుకుంటే మాత్రం కోపం వస్తుంది. కోపాన్ని చెప్పులతోపాటు దేవుడి గది బయటే విడిచి రావాలని నేర్పిన ఇంట్లో పెరిగాను. చాలా కోపాలు విడిచాను. ఈ ఒక్కదాన్నీ విడవలేదు. విడవకూడదని నేర్పింది మా అమ్మమ్మ.

మేమప్పుడు అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. నాన్నది కార్ల కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం. కాంట్రాక్టు మారినప్పుడల్లా ఊరు మారేది. రెండేళ్ళలో మూడు బళ్ళు మారాక అమ్మ విసిగిపోయి నన్ను డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చోబెట్టుకుంది. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు, తెలుగు అన్నీ అక్కడే. పుస్తకాలు మూసే ముందు ఆ రోజు ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో మూడు పేర్లు చెప్పాలి. అదే ఆఖరి పాఠం. నాకు ఇష్టమైన పాఠం కూడా అదే.

బయటివాళ్ళకు అది బడిలా కనిపించేది కాదు. తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో ఆంటీలు "కాలేజ్ అడ్మిషన్‌కి ప్రాబ్లమ్ అవదాండీ?" అని అమ్మను జాలిగా అడిగేవారు. వాళ్ళలో ఒకావిడ కూతురు, నాకన్నా ఏడాది పెద్దది, తన అమెరికా తెలుగులో అందరి ముందూ అనేసింది. "నీ మమ్మీనే నీ టీచరా? సో పప్పులో పోపు వేస్తే నీకు ఏ ప్లస్ ఇస్తుందా?" అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ చాలాసేపు సింకు దగ్గర నిలబడింది.

నిధి వేటలో గెలిచినవాళ్ళకు ఇచ్చేది పాతకాలపు పంతులమ్మలు బడి ముందు మోగించే ఇత్తడి చేతిగంట. అది విన్న క్షణం నుంచి నాకు నిద్ర లేదు. ఆ గంట మా డైనింగ్ టేబుల్ మీద ఉంటే అది బడే. ఇంక ఎవ్వరూ కాదనలేరు. తొమ్మిదేళ్ళ బుర్రకు అంతకన్నా పెద్ద రుజువు తోచలేదు.

నిధి వేట ఉన్న శనివారం తమ్ముడికి జ్వరం. అమ్మ కదలలేకపోయింది. "నేను డ్రైవ్ చేస్త, మీరేం ఫికర్ పడకుండ్రి" అని అక్క తన పాత కారు తీసింది. ఆరు నెలలుండి వెళ్దామని ఒంగోలు దగ్గర నుంచి వచ్చిన మా అమ్మమ్మ, నేత చీర మీద స్వెట్టరు, కాళ్ళకు నాన్న కొనిపెట్టిన తెల్ల బూట్లు వేసుకుని వెనక సీట్లో కూర్చుంది. ఆ ఎండాకాలమంతా అమ్మమ్మకూ అమెరికాకూ మధ్య దుబాసీని నేనే. నమ్మకమైన దుబాసీని కాదు. "ఈ వంకాయలు చూడు, కుక్క కూడా తినదు" అని ఆవిడ కొట్టువాడి మొహం మీద అంటే, నేను "షాపు చాలా బాగుందంటోంది" అని ఇంగ్లీషులో చెప్పేదాన్ని. నాకది మర్యాద అనిపించేది.

మ్యూజియం మా ఊరికి గంట దూరం. మొదట వలస వచ్చి స్థిరపడిన తెల్లవాళ్ళ దుంగల ఇల్లు, దాని వంటగది, ఒక గది బడి, పశువుల కొట్టం. లోపలికి అడుగు పెట్టగానే గోడ మీద పెద్ద బోర్డు. ఆ కుటుంబాలు వచ్చేనాటికి ఇక్కడ అడవీ తోడేళ్ళూ తప్ప ఎవరూ లేరని దాని సారాంశం. నేను అమ్మమ్మకు చదివి వినిపించాను. "పాపం, ఎంత కష్టపడ్డారో" అందావిడ.

పన్నెండు పొడుపు కథలున్న కాగితం, ఒక పెన్సిలు ఇచ్చారు. పొడుపు కథలో చెప్పిన వస్తువు ఎక్కడుందో వెతికి పేరు రాయాలి. పెద్దవాళ్ళు సాయం చేయవచ్చు. పోటీకి ఇంకా ఎవరొచ్చారో చూశాను. పోపు మాట అన్న అమ్మాయి కూడా వచ్చింది.

నాకు దొరికిన సాయం ముందు వాళ్ళెవరూ నిలవలేరని కాసేపట్లోనే తెలిసిపోయింది. నేను తెలుగులో చెప్పడం, అమ్మమ్మ వేలు పెట్టి చూపించడం. వెన్న తీసే చెక్క పీపా దగ్గర మాత్రం ఆగిపోయి, కర్రను పైకీ కిందికీ ఆడించి చూసింది. "తాడు లేదు, తిప్పడం లేదు. మజ్జిగని వడ్లల్లే దంచుతారంటే వీళ్ళు?" అక్క నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది. ఊలు దువ్వే పలక, కొవ్వొత్తులు పోసే అచ్చు, అన్నీ అయ్యాయి. పదకొండు నిండాయి. ఒక్కటే మిగిలింది.

"నాకు పళ్ళు లేవు, అయినా మొక్కజొన్న నమిలి పెడతాను. అందరికన్నా ముందు లేచేది నేనే."

వంటగదిలో అద్దాల పెట్టెలో పిండి ఆడే ఇనప మర ఒకటి ఉంది. పెన్సిలు కాగితం మీద పెట్టబోతే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. "దాని నోట్లోకి చూడవే. వరసగా ఇనప పళ్ళు. పళ్ళు లేవన్నారుగా." చుట్టూ చూసి, నన్ను వదిలేసి, పక్క తలుపు వైపు నడిచింది.

గాలి రావడానికి ఆ తలుపు తెరిచి, మూసుకోకుండా కింద ఒక రాయి అడ్డం పెట్టారు. నల్లటి, పలకలాంటి రాయి. వచ్చేపోయే పిల్లలు తలుపు సర్దడానికి దాన్ని బూటుతో తంతున్నారు. అమ్మమ్మ కింద కూర్చుని రాయి మీది దుమ్ము కొంగుతో తుడిచింది. మధ్యలో నున్నగా, చారెడు గుంట. ఆవిడ అందులో అరచెయ్యి పెట్టింది. ఎవరో కొలిచి చేసినట్టు సరిపోయింది.

"ఇదే మీ నిధి" అంది. "నూరీ నూరీ అరిగిందే ఇది. ఉలి పని కాదు. ఒక ఆడదాని చేతి పని. ఆవిడ తరవాత ఆవిడ కూతురు కూడా నూరి ఉంటది." ఆ చేతిని కళ్ళకద్దుకుంది. తరవాత తలెత్తి చూస్తే ఆవిడ మొహం నాకు తెలిసిన మొహం కాదు. "కాలితో తంతారేందే దీన్ని? సన్నికల్లు మీద కాలు పెట్టేది పెళ్ళిలో ఒక్కసారి. అదీ మంత్రం చదివి, పెళ్ళికొడుకు చేత్తో పట్టుకుని పెట్టిస్తాడు."

నేను నమ్మాను. నిజంగా నమ్మి, పన్నెండో గీత మీద "తలుపు దగ్గరి రాయి" అని ఇంగ్లీషులో రాశాను. కాగితం తీసుకుని నిధి వేట నడిపే పెద్దావిడ దగ్గరకు వెళ్ళాను. అమ్మమ్మ కూడా నా వెనకే వచ్చింది.

ఆ పెద్దావిడ చెడ్డ మనిషి కాదు. తెల్ల జుట్టు, నవ్వు మొహం, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. పదకొండుకు టిక్కులు కొట్టి పన్నెండో దాని దగ్గర ఆగింది. అది లెక్కలోకి రాదమ్మా, ఎవరో రైతు పొలం దున్నుతుంటే దొరికింది, ఉత్త ఇండియన్ రాయి అంది.

ఆ మొత్తం ఇంగ్లీషులో మా అమ్మమ్మకు ఒక్క మాట తెలుసు. మొహం వెలిగిపోయింది. నా భుజం పట్టి ఊపుతూ గదంతా వినపడేట్టు అంది: "విన్నావంటే, ఇండియన్ అంటోంది. మనదేనంట. మనవాళ్ళే ఎవరో తెచ్చుకున్నారు. మరి గుమ్మంలో ఎందుకు పడేశారో అడుగు." తన గుండె మీద చెయ్యి వేసుకుని ఆవిడకు చూపిస్తూ "ఇండియన్, ఇండియన్" అంది.

పోపు అమ్మాయికి తెలుగు అర్థమైంది. పక్కవాళ్ళకు ఇంగ్లీషులో చెప్పింది. నవ్వులు మొదలయ్యాయి. పెద్దావిడ కూడా నవ్వుతూ, మీ ఇండియన్ కాదు బంగారం, ఇంకో రకం అంది. తరవాత నా వైపు వంగి, నువ్వు బాగా చేశావు, అద్దాల పెట్టెలో ఇంకోసారి చూసి రారాదా అని మెల్లగా చెప్పి, కాగితం నా చేతికిచ్చింది. అక్క అమ్మమ్మను పక్కకు తీసుకెళ్ళింది.

నేను అద్దాల పెట్టె దాకా కూడా వెళ్ళలేదు. అక్కడే నిలబడి పెన్సిలు తిరగేసి, వెనకున్న రబ్బరుతో చెరిపేశాను. "ఇనప మర" అని రాశాను. నలుగురి ముందు మా అమ్మమ్మ నా అమ్మమ్మ కానట్టు, నాకు తెలుగు రానట్టు రాశాను. పన్నెండుకు పన్నెండు. గంట నా చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు మీద నాకున్న కోపంలో పెద్ద వాటా నాదే.

గంట ఊపుకుంటూ తలుపు దగ్గరకు పరిగెత్తాను. అమ్మమ్మ గడపలో కూర్చుని ఉంది. తలుపును తన వీపుతో ఆపి పట్టుకుంది. రాయిని మంచినీళ్ళ సీసాతో కడిగి, స్వెట్టరు విప్పి పరిచి, దాని మీద పెట్టుకుంది. రాయిని తన్నుకుంటూ పోయినవాళ్ళంతా ఇప్పుడు మనిషిని చూసి ఆగి, సారీ చెప్పి, పక్కనుంచి సర్దుకుని పోతున్నారు.

అక్క పక్కన కూర్చుని చెబుతోంది. "గట్ల కాదు అమ్మమ్మా. ఇండియన్స్ అంటే మనం కాదు. వీళ్ళకంటే ముందు గీడ ఉండెటోళ్ళు. మనం అనుకుని ఎవడో తప్పు పేరు పెట్టిండు, గదే నిల్చింది."

"ఇప్పుడేరీ వాళ్ళు?"

"చాలామందిని ఎల్లగొట్టిండ్రు."

"మరి ఆ గోడ మీద ఎవరూ లేరని రాశారంటగా." అమ్మమ్మ గుంటలో చెయ్యి పెట్టుకునే అడిగింది. "ఎవరూ లేకపోతే ఈ రాయి ఎట్టా అరిగింది?"

అమ్మమ్మ నా చేతిలో గంట చూసింది. "రాయనే రాశావా?" అని అడిగింది. అబద్ధం చెప్పే ధైర్యం లేక, లేదన్నాను. చెరిపానని కూడా చెప్పాను.

మా అమ్మమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "తెలవక రాస్తే తప్పు. తెలిసి చెరిపితే దాన్ని ఏమంటారో మీ అమ్మని అడుగు" అంది. నా చెయ్యి పట్టుకుని లేచింది. "పద. నేను చెప్పేది ఆ గంట ఇచ్చినావిడకు చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. ఈసారి పంచదార కలపబాక."

అమ్మమ్మకు అన్నీ తెలుసునని అప్పుడు తెలిసింది. వంకాయల సంగతి కూడా.

అందరి ముందూ నిలబడి అమ్మమ్మ అంది, నేను ఇంగ్లీషులో చెప్పాను: "మీరు మంచివాళ్ళే. నా మనవరాలికి గంట ఇచ్చారు. కానీ ఆ పొడుపు కథకు జవాబు ఈ రాయే. ఇనప మరకు పళ్ళున్నాయి, చూసుకోండి. మీకన్నా ముందు లేచి ఈ నేల మీద పిండి నూరినావిడ ఉంది. అబద్ధాన్ని గోడకెక్కించి, నిజాన్ని గుమ్మంలో పడేశారు. నాకు కోపంగా ఉంది." చివరి మాట దగ్గర నా నాలుక తడబడింది. 'కొంచెం బాధగా ఉంది' అందామనుకున్నాను. అమ్మమ్మ నా వైపే చూస్తోంది. కోపంగా ఉంది అనే చెప్పాను. అది చెప్పాక కోపం అమ్మమ్మదో నాదో నాకు తెలియలేదు.

పెద్దావిడ మొహం ఎర్రబడింది. బోర్డు తన చేతిలో పని కాదని, అది కమిటీ చూసుకుంటుందని అంది. రాయిని మాత్రం తనే వంగి రెండు చేతులతో ఎత్తి వంటగది బల్ల మీద పెట్టింది. నేను గంటను దాని పక్కన పెట్టేశాను. మంచిదాన్నై పెట్టలేదు. ఏడుస్తూ పెట్టాను. కారులో ఇంటిదాకా అమ్మమ్మకు వీపు తిప్పి కూర్చున్నాను.

ఆ రోజు అన్నం తిన్నాక అమ్మమ్మ రోజూ అనేట్టే "అన్నదాతా సుఖీభవ" అంది. చేతులు కడుక్కోవడానికి లేచింది, మళ్ళీ కూర్చుంది. "ఎవర్నంటున్నానో ఇన్నేళ్ళూ చూసుకోలా" అంది తనలో తను. తరవాత నాతో: "దణ్ణం పెట్టేటప్పుడు ఎవరికో చూసుకుని పెట్టాలే. చూసుకుంటే ఒక్కోసారి కోపం వస్తది. రానీ." పుస్తకాలు మూసేటప్పుడు నేను చెప్పిన మూడు పేర్లలో ఆ రోజు ఒకటి ఆ రాయి మీద నూరిన, పేరు తెలియని మనిషిది. అమ్మ కళ్ళు తుడుచుకుని, అది పేరు కిందే లెక్క అంది. గంట లేకుండానే ఆ టేబుల్ బడి అయింది.

ఇప్పుడు నా పిల్లలకు నేనే ఇంట్లో పాఠాలు చెబుతున్నాను. పోయిన ఏడాది వాళ్ళను అదే మ్యూజియానికి తీసుకెళ్ళాను. తోడేళ్ళ బోర్డు లేదు, సంతోషించాను. రాయి అద్దాల పెట్టెలోకి చేరింది. వంగి చీటీ చదివాను. నూరుడు రాయి. ఫలానా రైతు పొలంలో దొరికినది, ఫలానా కుటుంబం ఇచ్చినది. దొరికించుకున్నవాడి పేరుంది, ఇచ్చినవాళ్ళ పేరుంది. నూరినావిడ గురించి, ఆవిడ మనుషుల గురించి ఒక్క ముక్క లేదు. అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. తలుపు దగ్గర పడి ఉన్న రోజే నయం, కనీసం అమ్మమ్మ తాకగలిగింది. వాళ్ళకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. పంచదార కలపలేదు.

మా అమ్మమ్మను తలుచుకోవడానికి నేనున్నాను, నా పిల్లలున్నారు. మిమ్మల్ని అడిగేది ఇంకొకరి కోసం. ఇవాళ అన్నం తిన్నాక "అన్నదాతా సుఖీభవ" అనుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగి, ఈ నేల మీద అందరికన్నా ముందు లేచి, ఆ రాయిని అరచేతితో అరగదీసినావిడను తలుచుకోండి. పేరు తెలియదు. చేతి కొలత మాత్రం తెలుసు. మా అమ్మమ్మ చేతికి సరిపోయింది.