హూడి దాకా నా విద్యార్థి

బెంగళూరు మారతహళ్ళిలో బస్సెక్కినప్పటి నుంచి భిన్నాల పాఠం నాలో నేనే చెప్పుకుంటున్నాను. గొంతు పైకి వినిపిస్తోందని తెలియలేదు. కాడుగోడిలో ఒక స్కూలువాళ్ళు టీచరు ఉద్యోగానికి ఆ ఉదయం డెమో క్లాసు చెప్పమన్నారు. బి.ఇడి. అయ్యాక నా పాఠం విని తప్పొప్పులు చెప్పే మనిషి ఒక్కరూ దొరకలేదు.

పక్క సీట్లో మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన ఉన్నట్టుండి చెయ్యెత్తాడు, క్లాసులో పిల్లాడిలా. టికెట్టు కోసమనుకుని కండక్టరు ఇటు వచ్చాడు.

"సార్, నాకొక డౌటు," అన్నాడాయన నాతో. నన్ను సార్ అని పిలిచిన మొదటి మనిషి ఆయనే.

"అడగండి," అన్నాను సిగ్గుపడుతూ.

"సగం పెద్దదా, పావు పెద్దదా అని నువ్వే అడగతా ఉండావు, నువ్వే జవాబు చెప్పేస్తా ఉండావు. మేమెప్పుడు ఆలోచన చేసేది?"

మళ్ళీ అడగమన్నాడు. అడిగాను.

"ఇప్పుడు ఊరికే ఉండప్పా," అని కళ్ళు మూసుకున్నాడు. ట్రాఫిక్‌లో బస్సు కదలడం లేదు. నోటిదాకా వచ్చిన జవాబును ఎలాగో ఆపుకున్నాను. చివరికి ఆయన చెయ్యి మెల్లగా లేచింది.

హూడిలో దిగిపోయాడు. పేరైనా అడగలేదు నేను.

ఉద్యోగం వచ్చింది. పని నేర్పమని స్కూలువాళ్ళు నన్ను ఒక సీనియర్ టీచరుకి అప్పజెప్పారు. మంచావిడే, తీరికే ఉండదు. ఇప్పటికీ ప్రశ్న అడిగి ఊరికే ఉంటాను. ఆ కాసేపూ నా చూపు చివరి బెంచీ మీదికి పోతుంది. పిల్లలందరి చేతులూ లేచాక కూడా, ఇంకొక చెయ్యి లేస్తే బాగుండుననిపిస్తుంది.