ముందు షాఫ్టు విప్పి ఇచ్చిన మేస్త్రి

అద్దంకిలో జీపులు బాగుచేసే మా మేస్త్రి గారు పోయారు. మంగళవారం పొద్దున షెడ్డు షట్టరు సగం ఎత్తి అక్కడే కూలబడ్డారట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది. ఈ కబురు నాకు మనిషి వచ్చి చెప్పలేదు. చుట్టుపక్కల జీపులున్నవాళ్ళం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. వాటి మధ్యలో ఒకాయన ఇలా రాశాడు: "మనిషి మంచోడే. క్రౌను పని మాత్రం తెలీదు. ఫలానా వాళ్ళ జీపు పాడుచేసింది ఆయనేగా."

ఆ ఫలానా వాణ్ణి నేనే. జీపు పాడుచేసింది ఆయన కాదు, నేను. అప్పటికి మూడేళ్ళుగా ఈ ముక్క నా నోట్లోంచి ఊడిపడలేదు. ఫోను మంచం మీదికి విసిరేశాను. నా మీద నాకే రోత పుట్టింది. పెద్దకర్మ అయ్యాక కూడా వదలని ఆ రోతతోనే ఇది రాస్తున్నాను కాబట్టి, పోయినవాళ్ళ గురించి రాసే మెత్తటి మాటలు ఇందులో తక్కువే ఉంటాయి. మెత్తటి మాటలు ఆయనకూ గిట్టవు.

మాది అద్దంకి పక్కన పల్లె. మిరపా పత్తీ వేస్తాం. అంతా నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే చేలోకి ట్రాక్టరో ఫోర్‌వీల్ జీపో తప్ప ఇంకేమీ పోదు. అందుకని నా దగ్గర పాత ఫోర్‌వీల్ జీపు ఒకటి ఉంది. అది తన పని తాను శుభ్రంగా చేసుకుంటుంటే నేను ఊరుకోలేకపోయాను. నడుమెత్తు టైర్లు వేసిన జీపు ఒకటి చీమకుర్తి రోడ్డులో చూశాను. చూసిన వారంలోనే నా దానికీ అలాంటివి వేయించాను. చూడ్డానికి మహా దర్జాగా ఉండేది. నడిపితే మాత్రం దానికి జబ్బు చేసినట్టుండేది. టాప్ గేరులో వేస్తే లాగేది కాదు. మిరపకాయల టిక్కీ బస్తాలు పది వేసుకుని చేలోంచి రోడ్డెక్కడానికి మూలిగేది.

మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన టైర్ల చుట్టూ ఒక్కసారి తిరిగి, "ఇయ్యి ఎందుకేశావురా అబ్బాయ్?" అన్నారు. నేల కోసం అన్నాను. "నేల అడిగిందా?" అన్నారు. అక్కడ ఉన్న నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన నన్ను నువ్వు అనేవారు, అబ్బాయ్ అనేవారు. యాభై దాటినవాణ్ణి అలా పిలిచే మనిషి అప్పటికే మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఆ పిలుపు కోసమే చిన్న చిన్న రిపేర్లకు కూడా ఆయన దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

పెద్ద టైర్లు వేసినవాళ్ళందరికీ ఒకటే ప్రశ్న వస్తుంది. క్రౌను పినియన్ మార్చాలా, వద్దా? క్రౌను పినియన్ అంటే ఇరుసు మధ్యలో ఉండే పళ్ళచక్రాల జత. ఇంజను బలాన్ని చక్రాలకు తిప్పేది అదే. టైరు పెరిగితే ఇంజనుకు అదే పని బరువవుతుంది. ఆ బరువు దించాలంటే ఎక్కువ చుట్లు తిరిగే జత వెయ్యాలి. మిగతా మేస్త్రులు టైరు చూసి నోటికొచ్చిన అంకె చెప్పేస్తారు. ఈయన చెప్పరు. జేబులో చింతపిక్కలు పోసుకుని పక్క సీట్లో కూర్చునేవారు. రోజూ వెళ్ళే దారిలో, రోజూ వేసే బరువుతో నడపమనేవారు. మనం గేరు ఒకటి దించినప్పుడల్లా ఒక చింతపిక్క ఎడమ జేబులోంచి కుడి జేబులోకి పోయేది. మాట్లాడరు. కళ్ళు మూసుకుని ఉంటారు. నిద్రపోతున్నారనుకుని నేను ఒకసారి గేరు మెల్లిగా దించితే, పిక్క కూడా అంతే మెల్లిగా జేబు మారింది.

తిరిగొచ్చాక కుడి జేబు బల్ల మీద ఒంపారు. దాదాపు అన్నీ అందులోనే ఉన్నాయి. వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపి, ఇంజను వైపు నుంచి ఇరుసుకు వచ్చే షాఫ్టు మీద సుద్దతో గీత గీశారు. చక్రాలు ఒక్క చుట్టు తిప్పించి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో చూశారు. "ఇది నాలుగూ కాస్త తిరుగుతాంది. ఈ టైర్లకి అయిదు దాటాల. లేదంటే పాత టైర్లు బిగిచ్చుకో. రెండిట్లో ఏదైనా నాకిష్టమే. మధ్యరకం మాత్రం ఒప్పుకోను" అన్నారు.

నేను మధ్యరకం మనిషిని. టైర్లు తియ్యడానికి పరువు అడ్డం. క్రౌను మారిస్తే ముందూ వెనకా రెండూ మార్చాలి. ముందుది ఆయన దగ్గర లేదు, వెతికి తేవాలి. మిరప కోతలు మొదలయ్యాయి. "వెనకది వేసెయ్యండి, కోతల కాలంలో వానలేవి, ముందు చక్రాలకు బలం ఇవ్వాల్సిన పనేముంది" అని వెంటపడ్డాను. వారం రోజులు రోజూ వెళ్ళి ప్రాణం తీశాను. చివరికి వెనకది మార్చారు. మార్చి, ముందు చక్రాలకు వెళ్ళే షాఫ్టును విప్పేసి, గోనెపట్టాలో చుట్టి నా చేతిలో పెట్టారు.

"ముందుది కూడా మార్చిందాకా దీన్ని బిగిచ్చమాక. ముందు చక్రాలదో మాట, యెనక చక్రాలదో మాట అయితే మధ్యలో ఉన్నది పగులుద్ది. యిన్నావా?"

విన్నాను. నాకు చెవుడు లేదు. అందరికీ తెలిసేలా ఈ మాట రాస్తున్నాను.

నెల తిరక్కుండా మా అమ్మాయికి సంబంధం కుదిరింది. కాబోయే వియ్యంకుడు గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేస్తాడు, నోరున్న మనిషి. ఒక ఆదివారం పిల్లలతో కలిసి వాడరేవు సముద్రానికి వెళదామన్నాడు. "మీ జీపు ఇసకలో పోద్దా బావగారూ?" అన్నాడు. పోదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇసకలో పోవాలంటే నాలుగు చక్రాలూ బలంతో తిరగాలి. శనివారం సాయంత్రం ఎవరూ చూడకుండా జీపు కింద దూరి, గోనెపట్టా విప్పి, ఆ షాఫ్టు బిగించాను. ఎనిమిది బోల్టులు. ఒక్కొక్కటీ బిగిస్తున్నప్పుడు ఆయన మాట గుర్తుకొస్తూనే ఉంది. అయినా బిగించాను.

ఇసకలో జీపు బ్రహ్మాండంగా పోయింది. అక్కడ చక్రాలు జారతాయి కాబట్టి తేడా బయటపడలేదు. వియ్యంకుడు వీడియోలు తీశాడు. ఆ గొప్పలో ముందు చక్రాలకు బలం ఇచ్చే లివరు వెనక్కి లాగడం మరిచిపోయి అలాగే తారు రోడ్డెక్కాను. అర మైలు పోయిందో లేదో కింద ఏదో విరిగిన చప్పుడు. ముందుకీ వెనక్కీ బలం పంచే గేర్లపెట్టె పగిలి నూనె రోడ్డు పాలైంది.

లారీ వెనక కట్టి అద్దంకి దాకా లాక్కొచ్చాం. షెడ్డు ముందు పదిమంది ఉన్నారు. వియ్యంకుడు తెల్లబట్టలతో స్టూలు మీద కూర్చున్నాడు. నేను మేస్త్రి గారి మీద అరిచాను. "ఏం క్రౌను వేశారండీ? పిల్లలున్న బండి, చస్తే ఎవరిది పూచీ?" అన్నాను. ఎంత బాగా అరిచానంటే కాసేపు నాకే నిజమనిపించింది.

ఆయన జీపు కింద పడుకున్నారు. బిగించి ఉన్న షాఫ్టు చూశారు. చూడకుండా ఎలా ఉంటారు? బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ నా వంకా, వియ్యంకుడి వంకా చూశారు. ఒక్క మాట చెబితే చాలు, నా పని అయిపోయేది.

"పొరపాటైందండీ. బండి వదిలేసి యెళ్ళండి. నేను చూసుకుంటాను" అన్నారు.

ఆ అండీ నాకేనని అక్కడ ఎవరికీ తెలీదు. నాకు మాత్రమే తెలిసింది. ఆ రోజు నుంచి చివరిదాకా ఆయన నన్ను మీరు అనే పిలిచారు. తిట్టలేదు, ఎత్తిపొడవలేదు. అబ్బాయ్ అనడం మానేశారు, అంతే.

చీమకుర్తి క్వారీలో తుక్కు కింద పడేసిన జీపు నుంచి ముందు క్రౌను వెతికి తెచ్చారు. పగిలిన గేర్లపెట్టె బాగుచేసి, ముందూ వెనకా ఒకే జత చేసి బిగించారు. ఇప్పటికి మూడేళ్ళు, ఆ జీపు ఒక్కరోజు కూడా మొరాయించలేదు. కానీ వియ్యంకుడి నోరు ఊరుకోలేదు. యార్డులో, పెళ్ళిళ్ళలో, ఫోన్లలో కథ తిరిగింది. ఒక్కొక్క జీపే ఆ షెడ్డుకు రావడం మానేసింది. చివరి ఏడాది అక్కడ ఆటోలూ, నీళ్ళ మోటార్లూ తప్ప నాకేమీ కనపడలేదు. నేను మాత్రం నా బండి ఆయన దగ్గరే చేయించుకున్నాను. ఊరందరినీ వెళ్ళకుండా చేసి, నేను వెళ్ళాను. ఇంతకంటే నీచం ఏముంటుందో మీరే చెప్పండి.

ఆయనకు ఒక్కతే కూతురు. ముప్ఫై ఏళ్ళుంటాయి, తండ్రి పక్కనే పని నేర్చుకుంది. క్రౌను కూర్చోబెట్టడంలో ఆ అమ్మాయి చెయ్యి తన చేతికంటే నయమని ఆయనే అనేవారు. షెడ్డు తనే నడుపుతుందట. నడవాలంటే జీపులు రావాలి. జీపులు రావాలంటే నేను నోరు విప్పాలి.

పెద్దకర్మ నాడు షెడ్డు ముందు షామియానా వేశారు. గ్రూపు వాళ్ళంతా వచ్చారు. వియ్యంకుడూ వచ్చాడు. మైకులో ఒక్కొక్కరూ ఆయన దేవుడన్నారు, చేతిలో మంత్రం ఉందన్నారు. మూడేళ్ళలో ఈ గడప తొక్కని మనుషులు! నా వంతు వచ్చింది. షాఫ్టు సంగతి, ఎనిమిది బోల్టుల సంగతి, అరిచిన సంగతి ఏదీ దాచకుండా చెప్పాను. దిగాక అందరూ నన్ను ఈసడిస్తారనుకున్నాను. ఈసడిస్తే బాగుండేది.

వియ్యంకుడు లేచొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. "ఎంత పెద్ద మనసు బావగారూ! పోయినాయన మీద మచ్చ ఉండకూడదని తప్పంతా మీరే నెత్తినేసుకున్నారు. ఈ రోజుల్లో ఇంత సంస్కారం ఎవరికుంది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. "నిజం చెబుతున్నాను బావగారూ" అన్నాను. "మాకు తెలుసులెండి" అని భుజం తట్టాడు. ఆ చెయ్యి తాకిన చోట ఒళ్ళు కడుక్కోవాలనిపించింది.

ఆయన కూతురు వంటల దగ్గర నిలబడి అంతా వింది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"అమ్మా, నేను చెప్పింది..."

"నిజమేనని నాకు తెలుసు బాబాయ్. ఆ రోజు ఆ గేర్లపెట్టె దించింది నేనేగా" అంది. "నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు. మీ పిల్ల పెళ్ళి ఉంది, మీ పరువు పోద్ది అన్నాడు." గరిట పక్కన పెట్టి, "నాన్న ఉండగా అనుంటే నమ్మేవాళ్ళు బాబాయ్. ఇప్పుడు మీరేం చెప్పినా సంతాపమే" అంది.

క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు.

మొదటి బంతి తిన్నవాళ్ళు చేతులు కడుక్కుని జీపులెక్కారు. షెడ్డు గురించి ఆ అమ్మాయిని ఒక్కరూ అడగలేదు. షెడ్డు ముందు నుంచి రోడ్డు మీదికి చిన్న ఎత్తు ఉంటుంది. క్రౌను మార్చకుండా అంతటి టైర్లేసుకుని ఆ కాస్త ఎత్తు ఎక్కలేక ఒక్కొక్క జీపూ మొదటి గేరులోకి దిగి, రొప్పి, వెనకనుంచి నల్లటి పొగ కక్కింది. రెండో బంతికి విస్తళ్ళు అప్పుడే పరిచి ఉన్నాయి. ఆ పొగంతా షామియానా కిందికి కమ్ముకొచ్చింది. ఆయన కూతురు అన్నం గంగాళం మీద మూత పెట్టి, ఆకుల వరస దగ్గరికి వచ్చింది. వంగి, మసి పడకుండా ఒక్కొక్క ఆకే బోర్లా తిప్పుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళింది.