పెట్రోలు పంపుకు ఇనుప చొక్కా

మనిషికి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాం. నేను పెట్రోలు పంపుకు అలా చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. ప్రొద్దుటూరులో నాకొక చిన్న షెడ్డు ఉండేది. ఇటు జమ్మలమడుగు, అటు పులివెందుల, మధ్యలో ఏ బంకులో పంపు మొరాయించినా నాకే కబురొచ్చేది. మోటారు శబ్దం వింటూ రోగం చెప్పేసేవాణ్ణి. గొప్పలనుకుంటే అనుకోండి, నా చేతిలో బాగుపడని పంపును నేనింతవరకూ చూడలేదు.

మా వైపు ఎండాకాలంలో వాటికొచ్చే జబ్బు ఒకటే. భూమిలోపలి ట్యాంకులో పెట్రోలు చల్లగానే ఉంటుంది. దాన్ని పైకి లాగే పంపు మాత్రం ఎండలో నిలబడ్డ డబ్బాలో ఉంటుంది. ఆ డబ్బా కాలిందంటే పెట్రోలు దారిలోనే ఆవిరైపోతుంది. మోటారు గిర్రున తిరుగుతుంది, గొట్టం వణుకుతుంది, మీటరు మీద అంకె కదలదు. కదిలినా ఆ కొలతను నమ్మడానికి లేదు. మోటారు ఆపి, తడి గోనె సంచులు కప్పి, గాలి ఆడనిచ్చి, కాసేపు ఊరుకోవాలి. వైద్యం ఇంతే. కానీ ఊరుకోవడమే మా జనానికి చేతకాదు. ఆడిస్తూ ఉంటే అదే వస్తుందిలే అనుకుంటారు. ఆడించే కొద్దీ అది ఇంకా వేడెక్కుతుంది.

ఫ్యాక్షన్ ముదిరిన రోజులవి. టీ కొట్టు ఒక పార్టీది, ఎదురుగా ఉన్న మంగలి షాపు ఇంకో పార్టీది. జమ్మలమడుగు దారిలో ఉన్న ఒక బంకు యజమానికి మాత్రం ఆ సౌకర్యం లేదు. చుట్టుపక్కల ఇంకో బంకు లేదు కాబట్టి రెండు పార్టీల బండ్లూ ఆయన దగ్గరికే రావాలి. ముందు వచ్చినవాళ్ళకు ముందు పోసేవాడు, ఒకరి సంగతి ఒకరి దగ్గర ఎత్తేవాడు కాదు. పంపు వెనకాల గదిలోనే ఆయన భార్యా పిల్లలూ కాపురముండేవారు.

ఎన్నికల ముందు ఒక మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. "మేస్త్రీ, ఉన్నపళంగా రాప్పా. పంపు ఆడతాంది, పెట్రోలు రాలేదు. ఈడ మనుషులు నిలబడుకోనుండారు" అన్నాడు.

మోటారు సైకిలు మీద పోయేసరికి జెండాలు కట్టిన సుమోలు వరసగా ఆగి ఉన్నాయి. పొద్దున అవతలి పార్టీ బండ్లు అక్కడే నింపుకొని పోయాయట. ఇవతలి వాళ్ళు వచ్చేసరికి పంపు మొండికేసింది. ఇక చెప్పేదేముంది? వాళ్ళ నాయకుడు, బాగా లావుపాటి మనిషి, సుమో నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఏం మామా, పొద్దున వాళ్ళకు యెట్లొచ్చె, మాకు యెట్ల రాకపాయె?" అంటున్నాడు. కేకలు లేవు, తిట్లు లేవు. ఆ నెమ్మదికే యజమాని చెమటలు కక్కుతున్నాడు. గది తలుపు వెనక ఆయన భార్య నిలబడి ఉంది. ఈ పంపు ఆడకపోతే ఆ ఇంటికి ఆ రోజు ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు.

అప్పుడు చూశాను పంపును. కిందటిసారి నేను వచ్చినప్పుడు మామూలుగా ఉన్నదానికి ఇప్పుడు నాలుగు వైపులా మందపాటి ఇనుప రేకులు నిలబెట్టి, పైన మూత వేసి బిగించి ఉంది. మీటరు కనపడడానికి ఒక కిటికీ, గొట్టానికి ఒక కంత, అంతే. లారీ బాడీలు కట్టే వాళ్ళ చేత చేయించాడట. చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాను. కింద నాపరాళ్ళ సెగ, చుట్టూ ఇనుము, లోపల మోటారు. అన్నం ఉడికించినట్టు పంపును ఉడికిస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

మెయిన్ ఆపేసి, "బీడీలు ఆర్పండి" అని అరిచాను.

"ఎవురికి చెప్తాండావు?" అన్నాడొకడు.

"అందరికీ చెప్తాండా. అంటుకుంటే నీ పార్టీ, వాళ్ళ పార్టీ అని చూడదప్పా పెట్రోలు."

నాయకుడు రేకుల వైపు చూపించి, "ఏంది మామా ఇది?" అన్నాడు.

"ఎండకప్పా" అన్నాడు యజమాని.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నా నోరు అలాంటిది కాదు. "ఎండకైతే కొట్టం వేసుకుంటాడు గానీ ఇనుం కడతాడా? బాంబులకు కట్టినాడు. మీరేసేదానికో, వాళ్ళేసేదానికో ఆయనకే తెల్దు. ఆ ఇనుం కాలి లోపల పెట్రోలు ఆవిరైపోతాంది. రేకులిప్పితేనే మీ బండ్లు కదిలేది" అన్నాను.

యజమాని ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాయకుడు లేచి వచ్చి రేకు మీద వేలితో తట్టి, వేలు కాలి, చెయ్యి విదిలించుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, "నీళ్ళు తెండి రా" అన్నాడు.

ఎవరికి భయపడి ఆ రేకులు కట్టాడో వాళ్ళే వాటిని విప్పి పక్కన పెట్టారు. వాళ్ళే బిందెలతో నీళ్ళు మోశారు. గోనె సంచులు తడిపి పంపుకు చుట్టాను. మధ్యలో నాయకుడు తొందరపడితే, "కూర్చోప్పా, పెండ్లికొచ్చినావనుకో" అన్నాను. నవ్వాడు. పంపు చల్లబడ్డాక మోటారు వేసి, కొలత క్యాను నింపి ఆయన ముందు పెట్టాను. పెట్రోలు సరిగ్గా గీత దగ్గర నిలిచింది. ఆ గీతను చూసినప్పుడు నాకు కలిగే సంతోషం నా పెళ్ళిలో కూడా కలగలేదు.

బండ్లన్నీ నిండాక నాయకుడు యజమాని దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "రేకులు మళ్ళా బిగిచ్చుకో మామా. నా మాట నేనిస్తా. నా యెనక బండ్లలో ఉండేటోళ్ళ మాట నేనియ్యలేను" అని వెళ్ళిపోయాడు.

దుమ్ము అణగకముందే యజమాని రేకు ఎత్తుకొచ్చాడు. నేను అడ్డం పడ్డాను. ఇనుము ఉంటే పంపు బతకదన్నాను. "పంపు పోతే ఇంకోటి తెచ్చుకుంటా మేస్త్రీ. అది పేలితే ముందు పోయేది ఆ రూములో ఉండేటోళ్ళు గదా" అన్నాడు.

సరే, నాకు చేతనైనంత చేద్దామనుకున్నాను. రేకులకు బయటివైపు సున్నం కొట్టించాను. నాలుగు మూలలా నాపరాతి ముక్కలు పేర్చి, వాటి మీద రేకులు నిలబెట్టి, కింద సందు వదిలాను. పై మూతను కూడా కొంచెం ఎత్తి బిగించాను. చల్లగాలి కింద దూరితే వేడి పైనుంచి పోతుంది. పని బ్రహ్మాండంగా కుదిరింది. మీసం మెలేస్తూ నిలబడ్డాను.

యజమాని మోకాళ్ళ మీద వంగాడు. పిడికిలి బిగించి ఆ కింది సందులో పెట్టి చూసుకున్నాడు. నాటుబాంబు ఎంత లావుంటుందో ఆ దారిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పిడికిలి సులువుగా లోపలికి పోయింది.

"ఇంకొంచెం దించు మేస్త్రీ" అన్నాడు.

పంపు విషయంలో ఎవరి మాటా వినని నేను, నోరెత్తకుండా, మూలకొక రాయి తీసేశాను.