మగ్గం మీద మిగిల్చిన కొసలు

ఈ పొద్దున ఆఫీసులో పక్క కుర్చీ ఆయన బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పాడు. మిరపకాయ బజ్జీ వాసన గదంతా పరుచుకుంది. సరిగ్గా అప్పుడే నా కంప్యూటర్ తెర మీద, నిన్న నేను ప్రశ్న వేసి వచ్చిన ఫోరం పేజీ తెరుచుకోలేక గుండ్రంగా తిరుగుతోంది. ఆ వాసనా, ఈ తిరుగుడూ ఒక్కచోట కలిసేసరికి నాగరత్నక్క గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు ఆమె నాకిచ్చిన మొదటి శిక్షణ ఇదే: "పేజీ తిరుగుతాండేలోపల తినెయ్యప్పా. అది వచ్చినాక తినబుద్ధి కాదు."

డిగ్రీ అయ్యాక పెనుకొండలో కొంతకాలం నిరుద్యోగాన్ని శ్రద్ధగా నిర్వహించి, ఆ తరువాత ధర్మవరంలో ఆమె దగ్గర చేరాను. పట్టుచీరల అంచులూ కొంగులూ కంప్యూటర్‌లో గీసి, ఆ బొమ్మ ప్రకారం మగ్గానికి తగిలించే అట్టలకు రంధ్రాలు కొట్టించి ఇచ్చే చిన్న షాపు ఆమెది. ఆమె ఉండేది హిందూపురంలో. రోజూ అక్కడ రైలెక్కి పక్క సీటు మీద క్యారియర్ సంచి పెట్టేది. పెనుకొండలో నేనెక్కేదాకా ఆ సంచే నా తరఫున జనంతో గొడవపడేది.

మేము వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఏ రోగమొచ్చినా ఫోన్ చేసి అడగడానికి మనిషి లేడు. ఉన్నదల్లా ఫోరం. ఒకరినొకరు ఎరగని వాళ్లు ప్రపంచంలో తలా ఒక మూల కూర్చుని ఒకరి కష్టానికొకరు సలహా చెప్పుకునే చోటు. ఆ లోపలికి పోవడానికే ముందు మనం మనుషులమని రుజువు చేసుకోవాలి. ఒకరోజు తొమ్మిది బొమ్మలు చూపించి, మంటలార్పే కొళాయిలున్నవి ఏరమంది పేజీ. అక్క నన్ను పిలిచింది.

"ఈ ఎర్ర గుంజ ఏందప్పా?"

"పరదేశాల్లో రోడ్డు పక్కన ఉంటాయక్కా. ఫైరింజనుకు నీళ్లిస్తాయి."

"ఓహో. వాళ్లూరి కొళాయి తెలిస్తేనే మనం మనుషులమా?" అని ఒక్కొక్క గుంజనే ఏరింది. తప్పన్నది. ఇంకో తొమ్మిది ఇచ్చింది. ఆమె విసుక్కోలేదు. ఉగ్గాని పొట్లం దగ్గరికి లాక్కుంది, అంతే.

ఒకసారి సాఫ్ట్‌వేర్ తనంతట తానే కొత్తదైపోయింది. మరునాడు పాత డిజైన్లు తెరిస్తే అంచులన్నీ ముక్కలు. హంసల తలలొకవైపు, మెడలొకవైపు. హంసలు మాత్రం ఏమీ జరగనట్టే ఈదుతున్నాయి. సరిగ్గా ఆ హంసల అంచు కోసమే వచ్చాడు చౌడప్ప. ఊహ తెలిసిన నాటి నుంచీ మగ్గంలో కూర్చున్న మనిషి. నేసిందంతా షావుకారు ఇంటికే పోయింది గానీ, భార్య లక్ష్మమ్మ ఒంటి మీదికి ఒక్క పట్టుచీర రాలేదు. కొడుకు పెళ్లికైనా ఆమెకొకటి నేయాలని పట్టుబట్టాడు. ఎప్పుడో ఆయన నేస్తుంటే ఆమె వేలితో తడిమి చూసిన అంచు అది. అట్టలు లేక మగ్గం ఖాళీగా ఉంది. లగ్నం మాత్రం దాని పాటికది దగ్గరికొస్తోంది.

అక్క ఇంగ్లీషులో పెద్ద ప్రశ్న రాసింది. పంపించు అని నొక్కగానే, మీరు లాగిన్ కాలేదన్నది పేజీ. రాసిందంతా పోయింది. మళ్లీ రాసింది. మొదటి జవాబు: అడిగేముందు వెతకండి. రెండోది: నాకూ ఇదే సమస్య. మనకు పగలైతే వాళ్లకు రాత్రని అక్క చౌడప్పకు చెప్పింది. రోజూ ఆయన వచ్చి గడప దగ్గర నిలబడేవాడు.

"ఏమక్కా, వాళ్లు లేసినారా?"

"లేసింటారన్నా. మొగం కడుక్కుంటాంటారు."

"నిదానస్తులు మాదిరుండారే."

వెతకగా వెతకగా, అచ్చం మా బాధే పడిన ఒకాయన పాత ప్రశ్న దొరికింది. అక్క కుర్చీ అంచుకు జరిగింది. కింద ఆయనే రాసుకున్నాడు: సమస్య తీరిపోయింది, అందరికీ ధన్యవాదాలు. ఎలా తీరిందో ఒక్క ముక్క లేదు. ఆమెకు కోపం రాగా చూసింది ఆరోజే.

"కొసలు గూడా తెంపుకొని పోయినాడు చూడప్పా!"

మగ్గం మీంచి చీర కోసినప్పుడు పడుగు దారాల కొసలు కొన్ని మగ్గంలోనే వదిలేస్తారు. రాబోయే పడుగును ఆ కొసలకే ఒక్కో పోగూ అతుకుతారు. అవి లేకపోతే పోగులన్నీ మొదటి నుంచీ ఎక్కించుకోవాలి. నేసేవాళ్లెవరూ అంత పాపానికి ఒడిగట్టరు.

చివరికి, నాకూ ఇదే సమస్య అన్నాయనే దారి చెప్పాడు. అంచును, చీర ఒంటి భాగాన్ని విడివిడిగా తెరిచి మళ్లీ కలపాలట. కలిపాం. హంసలకు తలలొచ్చాయి. చౌడప్ప తెరకు దండం పెట్టి, ఇక ఆగలేక అట్టలు తానే కొట్టించుకోవడానికి వెళ్లాడు. నేను సంచి భుజానికేశాను. రైలు వేళయింది.

"కూర్చోప్పా, కొసలు వదల్లేదు," అంది అక్క. చేసిన పనంతా వరసగా రాసింది. పేజీ దాన్నీ మింగింది. మళ్లీ మొదలుపెట్టింది.

"రైలు పోతుందక్కా. అయినా ఎవరు చదువుతారు ఇది?"

"ఎవురో తెలిసింటే ఫోన్ చేసి చెప్పుండేదాన్ని గదప్పా."

రైలు పోయింది. బస్సులో నిలబడి పోయాం.

పెళ్లయ్యాక లక్ష్మమ్మ ఆ చీరతోనే షాపుకొచ్చింది. పట్టుచీరతో ఎలా కూర్చోవాలో తెలియక నిలబడే ఉంది. "దారి చెప్పిన ఆయప్పకు చూపించక్కా," అంది తెరవైపు చూస్తూ. ఫోటో తీసి పెడితే, బొమ్మ చాలా పెద్దదన్నది పేజీ. కోసింది అక్క. ఇంకా పెద్దదన్నది. కోసుకుంటూ పోతే చివరికి అంచూ, దాని మీద ఉన్న లక్ష్మమ్మ చేయీ మిగిలాయి. కొన్నాళ్లకు ఆయన నుంచి జవాబు వచ్చింది: చేయి ఎవరిది? నేసినాయన భార్యదని అక్క రాసింది. అంత చిన్న జవాబుకు ఆమె అంతసేపు తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాగరత్నక్క ఇప్పుడు లేదు. పెనుకొండలో రైలెక్కితే సీటు కోసం నా గొడవ నేనే పడుతున్నాను.

ఇందాక నా పేజీ తెరుచుకుంది. నిన్నటి ప్రశ్నకు జవాబు లేదు గానీ, ఈలోగా నా తంటా నేనే పడి దారి కనుక్కున్నాను. పేజీ మూసేద్దామని మౌస్ మీద చేయి పెట్టి, తీసేశాను. చేసిందంతా వివరంగా రాసి నొక్కాను. మీరు లాగిన్ కాలేదన్నది. ఆ తరువాత తొమ్మిది బొమ్మలు వచ్చాయి.

ఎర్ర గుంజలు నాకు బాగా అలవాటే. పక్క కుర్చీ ఆయన్ని ఒక బజ్జీ అడిగి తీసుకుని, మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాను.