పేపరు కోసే కత్తి

మా పక్క క్వార్టరు ఆగయ్య ఓపెన్‌కాస్టు బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టరు. డంపర్ చక్రం ఊడదీయమంటే నవ్వుతూ ఊడదీస్తాడు గాని, ఇంట్లో ఉల్లిగడ్డ కోయమంటే కళ్ళజోడు వెతుక్కుంటాడు. అలాంటి మనిషి కరీంనగర్ వెళ్ళి వంటింటి కత్తి కొనుక్కొచ్చాడు. చెక్కపెట్టె, లోపల మఖమల్ గుడ్డ. ధర అడిగితే, "పిరమే గని, జిందగీ మొత్తం నడుస్తదట" అన్నాడు.

కారణం లేకపోలేదు. ఆయన భార్య అనసూర్యకు మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చోవద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఆమేమో పెళ్ళైనప్పటి నుంచి కత్తిపీట ముందు కూర్చునే కూరగాయలు కోసిన మనిషి. ఇకనైనా నిలబడి కోసుకుంటుందని ఆయన ఆశ.

వచ్చినవాళ్ళందరికీ ప్రదర్శనే. పేపరు ఎత్తిపట్టుకుని పైనుంచి కత్తి దించేవాడు. సర్రుమని రెండు ముక్కలు.

"పేపరు కూర ఒండుతవా ఏంది?" అనేది అనసూర్య. "ఉప్పెంతెయ్యాలె?"

"నీకు దీని కదర్ తెల్వది."

ఆ కత్తి మాత్రం ఆమె చేతికి ఒదగలేదు. గోకరకాయలు, అదే గోరుచిక్కుళ్ళు, ఒకటి వేలంత, ఒకటి గోరంత తెగేవి. గోకరకాయ సన్నగా కోయడంలో మా వాడకట్టులోనే ఆమెకు పేరు మరి. ఒక పొద్దున కరివేపాకు కోసం వెళితే, కత్తిపీట ముందు దర్జాగా కూర్చుని చకచకా కోస్తోంది. నన్ను చూసి కొంగుతో పీట కప్పబోయింది.

"చెల్లె, మీ బావకు చెప్పకు. మోజుపడి తెచ్చిండు. ముట్టుకుంటలేనని తెలిస్తే మనసు చిన్నబుచ్చుకుంటడు."

"మరి మోకాళ్ళు?"

"గవి మొత్తుకుంటనే ఉన్నయి. నేనే ఇంటలేను."

ఆ సాయంత్రం ఆగయ్య కూరగిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "చూడు మరదలా, ముక్కలెట్ల తెగినయో! అంతా కత్తి మహిమ." కూరతో పాటు నవ్వునూ మింగాను.

ఎన్నాళ్ళు దాగుతుంది? ఒక రోజు కోస్తూ కోస్తూ ఆమె మోకాళ్ళు పట్టేశాయి. గోడ అవతలి నుంచి పిలిస్తే పరుగెత్తాను. చంకల కింద చేతులేసి లేపుతుండగా, డ్యూటీ దిగిన ఆగయ్య టిఫిన్ డబ్బాతో గుమ్మంలో నిలబడ్డాడు.

"అల్లంగడ్డ కిందవడ్డది. ఎతుకుతున్న" అంది అనసూర్య. ముందేమో చాటెడు గోకరకాయ ముక్కలు.

ఆయన డబ్బా కింద పెట్టాడు. ఇద్దరం కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాం. తర్వాత ఆయన కత్తిపీట చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

"అది మా అవ్వ ఇచ్చిన పీట! దాన్ని పారేస్తివా, రేపటిసంది నువ్వే ఒండుకో!" కుర్చీలోంచే అరిచింది.

పారేయలేదు. నడుమెత్తు ఇనుప స్టాండు చేయించి, దాని మీద పీటను బోల్టులతో బిగించి, స్టాండును వంటింటి గోడకు బిగించేశాడు. కాలితో తొక్కిపట్టాల్సిన పని లేదు, నిలబడి కోసుకోవచ్చు.

"ఊపి చూడు. డంపర్ కట్టి గుంజినా కదలది."

"గీ పని ముందుగాలనే చెయ్యరాదా?"

"ముందుగాల చెప్తే గదా!"

మొన్న జ్యోతినగర్ నుంచి అనసూర్య తమ్ముడి భార్య రాజకుమారి వచ్చింది. "అన్నా, మస్తు పిరం కత్తి కొన్నరట. పనికొస్తదా? మేం గూడ కొందామనుకుంటున్నం" అని అడిగింది.

ఆగయ్య నా వైపు చూశాడు, తర్వాత నేల వైపు. నేను నోరు తెరవబోయాను. అనసూర్య చూసిన చూపుకు మూసేశాను.

ఆమె పెట్టె తెరిచి కత్తి తీసింది. మొగుడి చేతిలోని పేపరు లాక్కుని ఎత్తిపట్టుకుంది. సర్రుమంది.

"చూసినవా రాజకుమారీ? మీ అన్న తెచ్చిండంటే మామూలు కత్తా!"

ఆగయ్య ముఖం వెలిగిపోయింది. కాసేపయ్యాక కిందపడ్డ ముక్కలు ఏరుకుని ఒకదానికొకటి ఆనించి చూసుకుంటున్నాడు. అది ఆ రోజు పేపరు. ఆయన ఇంకా చదవలేదు.