ఈపు మీద ఎర్రజాజు

మొన్న సోమారం నాడు నేను బడిల తప్పిపోయిన. గుట్టల పొంటి ఎనభై గొర్రెలను మేపి, ఒక్కదాన్ని గూడ పోగొట్టుకోని మనిషిని. నేను తప్పిపోయిన్నంటే ఎవ్వరు నమ్మరనుకున్న. మా ఊరోళ్లంత చెప్పంగనే నమ్మిన్రు. అసలు బాధ అది.

నా మనుమరాలు నవ్య మా ఊరి బడిల అయిదు పాసైంది. ఆ బడి అంటే ఒక్క అర్ర, ఒక్క మేడం, పద్దెనిమిది మంది పిల్లలు. ఆరో తరగతికి రోడ్డు మీది పెద్దబడికి పోవాలె. పిల్ల పోనంటది. "గంట గంటకు సారు మారుతడట తాతా. గంతమందిల నా పేరు ఎవరికి తెలుస్తది?" అని ముడుసుకొని పండుకున్నది. నేను రెండో తరగతిల బడి ఇడిచిన. నా కొడుకు అయిదుతోటి ఇడిచిండు. గీ పిల్ల గూడ ఇడిస్తే మా ఇంట్ల ఇగ చదివేటోళ్లు లేనట్టే.

మేడం ఇంటికొచ్చింది. "తాతా, మొదటి వారం ఎనిమిదో తరగతి లావణ్యను తోడుంచుదాం. క్లాసులు చూపిస్తది, అన్నం కాడ పక్కన కూసుంటది. భయం అదే పోతది" అన్నది.

లావణ్య ఎవరనుకున్నరు? మా బామ్మర్ది యాదగిరి మనుమరాలు. పద్నాలుగేండ్ల కింద నా కొడుకు పెండ్లిల ఆ యాదగిరి బంతిల కూసొని, అందరు ఇనేటట్టు, "బావ కూరల బొక్కలే ఏసిండు, ముక్కలు ఇంక మందలనే మేస్తున్నట్టున్నయ్" అన్నడు. నా చేతితోటి ఏరి కోయించిన మూడు పొట్టేళ్లల ఆయనకు ఉత్త ఎముకలే కనపడ్డయట. ఆ నాటి సంది ఆయనతోటి మాట లేదు.

"ఆ ఇంటి పిల్ల తోడు మాకు అక్కెర్లేదు" అన్న. "అంగట్ల కొన్న గొర్రెను మందల కలుపుడు నాకు తెల్వదా మేడం? ముద్రేయాలె. మూడు దినాలు ఒక ముసలి గొర్రెను జోడు కట్టాలె. అంతే."

"ముసలి గొర్రె ఎవరు తాతా?" అన్నది మేడం, మొఖంల ఏం కనపడనీయకుండ.

"నేనే."

సోమారం పొద్దుగాల గోడకు పూసే ఎర్రజాజు చిక్కగ కలిపి, నవ్య కొత్త బ్యాగు మీద మా మంద ముద్రేసిన. గుండ్రం, నడుమ గీత. "అందరు నవ్వుతరు తాతా" అన్నది. "నవ్వనీ. నాకు నువ్వు కనపడాలె" అన్న. ఉతికిన తెల్లంగి తొడుక్కొని ఆటో ఎక్కిన. జాగ లేదు. బ్యాగును ఈపు ఎనుక పెట్టుకొని ఒరిగిన. జాజు ఇంక పచ్చిగనే ఉన్నదన్న సోయి నాకు లేకపాయె.

బడిల పెద్దసారు మంచోడు, మొదటి దినం గదా అని వరండాల కూసోనిచ్చిండు. ఒక గంట కొట్టిన్రు, సారు మారిండు. ఇంకో గంట కొట్టిన్రు. ఈసారి సారు మారలే, పిల్లలే లేసి ఎటో పోయిన్రు, ఆ అర్రల ఇంకెవరి పిల్లలో వచ్చి కూసున్నరు. కన్ను మూసి తెరిచేటాల్లకు మందకు మందే మారిపాయె.

ఎతకబోయిన. అందరియి ఒక్క తీరు బట్టలు. ఎర్ర ముద్ర ఏ బ్యాగు మీద కనపడలే. ఒక క్లాసుల తొంగి చూసి "నవ్యా" అని పిలిచిన. ముగ్గురు లేసిన్రు. అందుల ఒక్కరు గూడ మా పిల్ల కాదు.

"ఏ సెక్షన్ పెద్దాయనా?" అన్నడు లెక్కల సారు.

"సెక్షన్ నాకేమెరుక? సన్నగుంటది, రెండు జడలు."

క్లాసంత రెండు జడలే.

నేను అటు తిరగంగనే ఎనుక పిల్లలు నవ్వుతున్నరు. పెద్దమనిషిని చూసి నవ్వుడేందని ఆగి మర్యాద చెప్పిన. చెప్పి తిరిగిన, ఇంక గట్టిగ నవ్విన్రు. గట్ల మెట్లెక్కి, దిగి, మళ్ల ఎక్కి ఒక అర్రల వడ్డ. మనిషెవ్వరు లేరు. మూలకు మాత్రం నిలువెత్తు మనిషి బొమ్మ ఏలాడేసి ఉన్నది. అన్ని బొక్కలే, ఒక్క ముక్క లేదు. యాదగిరి యాదికొచ్చిండు.

ఆడ్నే ఒక స్టూలు మీద కూలవడ్డ. నిజం చెప్తున్న, ఏ దిక్కు పోవాలెనో తెల్వది, నా పేరు ఎరిగినోడు ఒక్కడు లేడు. పిల్ల ముడుసుకొని ఎందుకు పండుకున్నదో గప్పుడు తెలిసింది.

అటెండర్ తలుపు కాడికి వచ్చి, నా ఈపు దిక్కు చూసి పోయిండు. జర సేపటికి మైకుల ఇనవడ్డది: "ఒక పెద్దమనిషి తప్పిపోయి సైన్స్ రూంల కూసున్నడు. తెల్లంగి, ఈపు మీద ఎర్ర ముద్ర. వాళ్ల పిల్లలెవరో వచ్చి తీస్కపోన్రి."

ఎవరో పాపం అనుకున్న.

తలుపు తెరుసుకొని నవ్య వచ్చింది, లావణ్య చెయ్యి పట్టుకొని. వాళ్ల ఎనుక అటెండర్. "మా తాతనే సార్, గది మా మంద ముద్ర" అని నవ్య ఆయనకు చెప్పి, నవ్వాపుకోలేక కిందనే కూసున్నది. బ్యాగు మీద ముద్ర ఏడున్నది? సగం అలుక్కపోయింది, మంచిగున్నదంత నా ఈపు మీదికే వచ్చింది.

"పా తాతా, మెట్లు ఇటు" అని లావణ్య నా చెయ్యి పట్టుకున్నది. ఆ ఇంటి పిల్ల, ఇడిపించుకోవాలె అనుకున్న. మెట్లు చానా ఉండె. ఇడువలే.

దిగుకుంట నవ్య అన్నది: "తాతా, నువ్వు నవ్యా నవ్యా అని పిలుసుకుంట తిరిగినవట, ఇప్పుడు బడిల అందరికి నా పేరు తెలిసింది."

తెల్లారి ముందుగాలనే తయారై, "నువ్వు రాకు తాతా, లావణ్యక్క ఉన్నది. నిన్ను ఎతుకుడు మాతోటి కాదు" అన్నది. ఆటో కాడి దాంక పోయిన. అదే అంగి, మూడుసార్లు ఉతికినా ముద్ర పోలే. ఆడ లావణ్యను ఎక్కించనీకి వచ్చి యాదగిరి నిలవడ్డడు. ఎంటనే మొఖం అటు తిప్పుకున్న.

"బావా, ముద్ర మంచిగ పడ్డది" అన్నడు.

"మంచి జాజు" అన్న.

అది మాట్లాడినట్టు లెక్క కాదు. మొఖం తిప్పుకొనే అన్న. మొఖం తిప్పుకుంటే ఆయన దిక్కు ఉండేది గా ఈపే అని ఆటో పోయినంక యాదికొచ్చింది.