పొన్న మొలక కోసం కాట్రేనికోన దాకా

తొంభైల చివర్లో నేను అమలాపురంలో బీయస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. దసరా సెలవులైపోయాయి, దీపావళి ఇంకా రాలేదు. ఒక శుక్రవారం బోటనీ మేష్టారు బోర్డు మీద ఒక కాయ బొమ్మ వేశారు. కాయ చెట్టుకుండగానే దానిలోంచి జానెడు పొడుగు మొలక కిందికి వేలాడుతోంది. ఉప్పునీటి మడ అడవుల్లో కొన్ని చెట్ల గింజలు నేల మీద పడకముందే, తల్లిచెట్టు మీదే మొలకెత్తుతాయని చెప్పారు.

"మీరు చూసేరాండి?" అని అడిగాను.

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి నవ్వారు. "లేదమ్మా. ఇరవయ్యేళ్ళుగా బొమ్మ వేస్తున్నాను. కాట్రేనికోన అవతలే ఉన్నాయిట. ఎప్పుడూ వెళ్ళలేదు."

ఆ మాటతో నాకు కాలు నిలవలేదు. పక్కన కూర్చునే సుభద్రని అడిగితే, "ఆదివారం అమ్మ తలంటు పోస్తానంది. సోమవారం పోయించుకుంటాలే" అంది. నేను ఉంటున్నది పిన్ని ఇంట్లో. రికార్డు పుస్తకానికి మొక్కలు తేవాలని చెప్పి ఆవిడ్ని ఒప్పించాను. అబద్ధం కాదు. ఎండబెట్టి అంటించాల్సిన మొక్కలు నాకింకా అయిదు తక్కువున్నాయి.

ఆదివారం పొద్దున్న ఆరూ నలభైకి బస్సు కదిలింది. వానలు వెనకబట్టాయి. కిటికీలోంచి వచ్చే గాలిలో కాస్త చలి తెలుస్తోంది. వరిచేలు పొట్ట మీదున్నాయి. రెండేళ్ళ కిందటి తుపానుకి తలలు పోయిన కొబ్బరిచెట్లు అక్కడక్కడా ఇంకా మోడులుగా నిలబడి ఉన్నాయి. మా ఒళ్ళో ఉన్న పాత పేపర్ల కట్టనీ అట్టలనీ చూసి కండక్టరు ఆగాడు.

"ఏం అమ్ముతారండి?"

"అమ్మడానిక్కాదండీ. మొక్కలు ఎండబెట్టుకోడానికి."

"ఎండబెట్టి?"

"అంటిస్తామండి."

"ఆయ్," అని రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగి, "అంటించి?" అన్నాడు. ముమ్మిడివరం వచ్చేదాకా ఇద్దరం నవ్వుకుంటూనే ఉన్నాం.

ఎనిమిదింటికి కాట్రేనికోనలో దిగి, టీ కొట్టు బల్ల మీద కూర్చుని పిన్ని కట్టిచ్చిన పొట్టిక్కలు విప్పాం. పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్లీ ముద్దలవి. చల్లారినా ఆకు వాసన పోదు. తలో రెండు తిని, మిగిలినవి మళ్ళీ కట్టేశాం. అక్కణ్ణించి ఆటో. రొయ్యల మేత బస్తాల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. దారిలో కొబ్బరితోటలు పలచబడ్డాయి, వరి పోయింది, రొయ్యల చెరువులొచ్చాయి. తొమ్మిదీ పావుకి రేవులో దిగేసరికి గాలి నాలిక్కి ఉప్పగా తగిలింది.

రేవు పక్కన కుళాయి దగ్గర ఒకామె రెండు స్టీలు బిందెలు నింపుకుని నావలో పెట్టిస్తోంది. పేరు సత్తెమ్మ. నావలో ఉన్నది ఆమె భర్త వీర్రాజు. ఏటికి అవతల లంకలో వాళ్ళిల్లు. అక్కడన్నీ ఉప్పునీళ్ళే, తాగే నీళ్ళకి ఈ కుళాయికే రావాలి. మడ అడవి చూడాలని చెప్పాను.

"సూడ్డానికేవుందమ్మా అక్కడ? బురద," అంది సత్తెమ్మ.

"చెట్టు మీద మొలకలొస్తాయటండి. అవి చూడాలి."

"పొన్న మొలకలా?" అని ఆమె మొగుడి వంక చూసి నవ్వింది. "ఆటి కోసం బస్సెక్కి వచ్చేరంటయ్యా!"

వీర్రాజు మాత్రం నవ్వలేదు. నీళ్ళకేసి చూశాడు. "పోటు మీదున్నాది. గంటన్నరలో నీరు తీసేస్తాది. రండి, సూపించి తెచ్చేత్తాను."

ఈ దారిన వెళ్ళాలనుకునేవారు బస్సు టైము కంటే ముందు పోటు టైము కనుక్కోవాలి. నీరు తీశాక ఆ పాయల్లో నావ బురదలో కూర్చుండిపోతుంది.

నావ పెద్ద ఏరు వదిలి సన్నని పాయలోకి తిరిగింది. రెండు వైపులా చెట్లు వేళ్ళ మీద లేచి నిలబడ్డట్టున్నాయి. ఎర్రటి చిన్న పీతలు మమ్మల్ని చూసి బురద బొరియల్లోకి దూరిపోతున్నాయి. ఒక మలుపు దగ్గర సత్తెమ్మ చెయ్యి చాపింది. "అయిగో."

ఆకుల కింద నుంచి పదుల కొద్దీ మొలకలు వేలాడుతున్నాయి. మునక్కాడల్లా పచ్చగా, కింది కొసన గోధుమరంగు తిరిగి. బొమ్మలో జానెడే ఉంది. ఇవి మూర పొడుగున్నాయి. నేనొకదాన్ని వేలితో తాకాను. నున్నగా, బరువుగా ఉంది. వీర్రాజు కొమ్మని నావ తోసే గెడతో తట్టాడు. ఒక మొలక ఊడి, తిన్నగా జారి, ఒడ్డు బురదలో నిలువునా దిగబడింది. కదల్లేదు. చెట్టు నాటడం అయిపోయింది!

"మళ్ళీ తట్టండి, మళ్ళీ!" అన్నాను, చిన్నపిల్లలా.

నేనటు చూస్తుండగా సుభద్ర ఇంకో చెట్టు దగ్గర ఎర్రబడిన ఆకులున్న రెమ్మని చూసి ముచ్చటపడింది. నావ అంచు మీంచి వంగి విరిచింది. విరిచిన చోట తెల్లటి పాలు చిమ్మాయి. చెయ్యి తుడుచుకోకుండానే మొహం మీద పడ్డ జుట్టు తోసుకుంది.

ఒక్క కేక వేసింది. కుడికన్ను మూసుకుని నావలో కూలబడిపోయింది.

"తిల్ల! తిల్ల చెట్టు పాలు కంట్లో పడ్డాయి!" అని సత్తెమ్మ అరిచింది. నేను ఏట్లో దోసిలి ముంచబోతే నా మణికట్టు పట్టుకుని ఆపింది. "ఏటి నీళ్ళొద్దు! ఉప్పు, బురదానూ."

మా సీసాలో నీళ్ళు క్షణంలో అయిపోయాయి. సత్తెమ్మ ఒక బిందె ముందుకి లాగింది. సుభద్ర తలని ఒళ్ళో పెట్టుకుని, రెండు వేళ్ళతో రెప్పలు విడదీసి పట్టుకుంది. "పొయ్యమ్మా, సన్నగా పొయ్యి. ఆపకు." నేను చెంబుతో పోస్తూనే ఉన్నాను. సుభద్ర ఏడుస్తోంది, తిడుతోంది, మళ్ళీ ఏడుస్తోంది. దాన్ని ఇక్కడికి తెచ్చింది నేను. వాళ్ళమ్మకి ఏం చెప్పాలి?

మొదటి బిందె అయిపోయింది. నేను ఆగాను. సత్తెమ్మ తలెత్తకుండానే, "రెండోది తియ్యి" అంది.

రెండోది సగానికొచ్చాక సుభద్ర కన్ను తనంతట తనే తెరుచుకుంది. నిప్పులా ఎర్రగా ఉంది.

"కనిపిస్తోందా?"

"నీ మొహం అలికినట్టుంది," అంది. తర్వాత కాసేపటికి, "ముక్కు కనిపిస్తోంది" అంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

వీర్రాజు అప్పటికే నావ తిప్పేశాడు. నీరు తీస్తోంది. ఆ గెడ వేసే చేతుల వేగం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. రేవు చేరేసరికి పదకొండు. ఆటో లేదు. కుళాయీ ఆగిపోయింది.

"మరి మీకు నీళ్ళెలాగండి?" అనడిగాను.

"రేపొద్దున్నొస్తాది కదమ్మా. ఇయ్యాల్టికి ఈ సగం బిందె సరిపెడతాం."

ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారని అంతకుముందే చెప్పింది. ఆటో కోసం వీర్రాజు రోడ్డు మీదికి వెళ్ళాడు. సుభద్రని సత్తెమ్మ దగ్గర కూర్చోబెట్టి, నేను ఖాళీ బిందె చంకనెత్తుకుని రేవు దగ్గరున్న ఇళ్ళకి బయల్దేరాను. బిందె మోయడం నాకు అలవాటు లేదు. ఎవరింటి గుమ్మంలోనూ అంతకుముందెప్పుడూ ఏదీ అడగలేదు. మొదటి ఇంట్లో లేవన్నారు. రెండో ఇంట్లో ఒక ముసలావిడ సంగతి విని నాలుగు చెంబులు పోసింది. మూడో ఇంట్లో మూడు. అలా ఏడిళ్ళు తిరిగేసరికి బిందె మెడ దాకా వచ్చింది. నా చీర ఒక పక్కంతా తడిసిపోయింది. సత్తెమ్మ ఎదురొచ్చి అందుకుంది.

"ఆయ్, చాలమ్మా, చాలు," అంది. మేం మిగిలిన పొట్టిక్కలిస్తే పిల్లలకని కొంగున కట్టుకుంది.

కాట్రేనికోన ఆస్పత్రిలో ఆదివారమైనా ఒక నర్సమ్మగారు ఉన్నారు. చుక్కల మందు వేసి, దూది పెట్టి కట్టారు. "వెంటనే అంత నీళ్ళు పొయ్యబట్టి సరిపోయిందండి. రేపు డాక్టరుగారికి చూపించండి" అన్నారు. వారం రోజుల్లో ఎరుపంతా పోయింది, చూపు మామూలుగానే నిలిచింది.

రెండున్నర బస్సులో తిరుగు ప్రయాణం. సుభద్ర నా భుజం మీద తల వాల్చి పడుకుంది. వీర్రాజు తట్టినప్పుడు నావలో రాలిన మూడు మొలకల్ని పేపర్లలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ముమ్మిడివరం దాటాక రోడ్డు పక్కన మంచినీళ్ళ కాలవ తగిలింది, ఒడ్డులొరుసుకుంటూ. మెట్ల మీద ఒకావిడ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఒకే ఒక్క గ్లాసు కడుగుతోంది. ముంచుతోంది, ఒంపుతోంది, మళ్ళీ ముంచుతోంది. అవతల గేదెలు మెడల దాకా మునిగి ఉన్నాయి.

సుభద్ర ఒంటికన్నుతో చూసి, "ఏంటంత చూస్తున్నావు?" అంది.

"కాలవ."

"రోజూ చూసేదేగా?"

ఔనన్నాను. బస్సు మలుపు తిరిగే వరకూ ఆ నీళ్ళనే చూస్తూ కూర్చున్నాను.